రిజిస్టర్లో ఉన్న నొమాలంగా

"ఇంకోసారి చదువు," అన్నాడు మ్లుంగిసి.

నొమాలంగా చదవలేదు. నిన్న సాయంత్రం వచ్చిన ఆ ఉత్తరం వంటింటి బల్ల మీద, కొరికి వదిలేసిన రొట్టె ముక్క పక్కన పడి ఉంది. అప్పటినుంచీ ఇద్దరూ దాన్ని ఎన్నిసార్లు చదివారో. ఎన్నిసార్లు చదివినా అందులో మాటలు మారలేదు. ఆమె కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది.

"నువ్వు చదవకపోతే నేను చదువుతా," అని అతను కాగితం అందుకున్నాడు. "సిస్టర్ నొమాలంగా ఖాబోకి. మా రిజిస్టరు ప్రకారం మీరు నాలుగేళ్ళుగా ఎంతాబెని గని క్లినిక్‌లో పనిచేస్తున్నారు. మార్చి పదకొండున అక్కడ జరిగిన ఒక కాన్పు విషయంలో మీ మీద ఫిర్యాదు ఉంది. అది తేలేదాకా మీరు అడిగిన పత్రం ఇవ్వలేము. సోమవారం పది గంటలకు మా బులవాయో ఆఫీసులో హాజరు కావలెను."

అతను కాగితం దించాడు.

"ఎంతాబెని ఎక్కడుందో తెలుసా నీకు?"

"సరిహద్దు అవతల, ప్లమ్‌ట్రీ దాటాక, బులవాయో దారిలో. బస్సులోంచి బోర్డు చూశాను."

"బస్సులోంచి బోర్డు చూసినదానివి అక్కడ నాలుగేళ్ళుగా కాన్పులెలా చేస్తున్నావు మరి?"

మార్చి పదకొండున తను ఎక్కడుందో ఆమెకు బాగా గుర్తుంది. ఇక్కడే, ఫ్రాన్సిస్‌టౌన్ ఆసుపత్రిలో, కవల పిల్లల కాన్పు చేసింది. రెండోవాడు కాళ్ళతో వచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మ్లుంగిసికి చేతులు తిప్పి మరీ చూపించింది, వాణ్ణి ఎలా బయటికి తీసిందో.

తొమ్మిదేళ్ళ కిందట సరిహద్దు దాటి బోట్స్వానా వచ్చినప్పటినుంచి ఆమెకు రెండు రిజిస్ట్రేషన్లు. ఒకటి ఈ దేశంలో పనిచేయడానికి, ఒకటి పుట్టిన దేశంలో పేరు నిలవడానికి. అది పోతే ఇదీ పోతుంది. ఈసారి ఇక్కడి లైసెన్సు కొత్తది కావాలంటే, సొంత దేశపు నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఈమె మీద మచ్చలేదని పత్రం రావాలన్నారు. పైగా కాన్పుల వార్డు మొత్తం ఆమె చేతికి ఇస్తామన్నారు. పై అధికారిణి కెబొనాంగ్ ఈ వారంలో రెండుసార్లు పిలిచి అడిగింది, ఉత్తరం వచ్చిందా అని.

వచ్చింది.

"నెలాఖరుకి లైసెన్సు అయిపోతుంది," అన్నాడు మ్లుంగిసి. అతను బస్సు డిపోలో మెకానిక్కు. ఏ బోల్టు వదులైతే ఏ చక్రం ఊడుతుందో వరసగా చెప్పడం అతనికి అలవాటు. "లైసెన్సు లేకపోతే ఉద్యోగం లేదు. నీ ఉద్యోగం లేకపోతే నాకూ, మన పాప థాండోకీ ఇక్కడ ఉండే కాగితం లేదు. ఇంక పది రోజులుంది. ఇప్పుడు చెప్పు. ప్రతి జనవరిలో నీ ఫారం పట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్ళేదెవరు?"

"నీకు తెలుసుగా."

"నీ నోటితో చెప్పు."

ఆమె కప్పు బోర్లించింది. పేరు చెప్పలేదు. నిన్నటినుంచి ఆ పేరుగలామె ఫోను మోగడం లేదు. మోగకపోవడమే జవాబని ఇద్దరికీ తెలుసు.

అతను గొంతు తగ్గించి, కౌన్సిల్‌కి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పేయమన్నాడు. పాస్‌పోర్టు మీద ముద్రలున్నాయి, ఆసుపత్రి డ్యూటీ చార్టు ఉంది, ఒక్క పూటలో తేలిపోతుందన్నాడు.

"తేలిపోతుంది. థోబెకిలే జైలుకి పోతుంది. చెల్లెల్ని నా చేత్తో పంపినట్టు."

"నువ్వు పంపడమేంటి? తన కాళ్ళమీద తనే నడిచెళ్ళింది అక్కడికి. నీ పేరు తగిలించుకుని మరీ."

ఆమె గోడకున్న సంచీ తీసింది. రెండు జతల బట్టలు, పాస్‌పోర్టు, ఆ ఉత్తరం అందులో పెట్టింది. థాండోని పక్కింటినుంచి మధ్యాహ్నం తెచ్చుకోమనీ, జ్వరం మందు ఫ్రిజ్ తలుపులో ఉందనీ చెప్పింది. సోమవారం సాయంత్రానికి వచ్చేస్తానంది.

"ఏ నొమాలంగా వస్తుంది?" అన్నాడు మ్లుంగిసి.

అది ఎగతాళో, భయమో ఆమెకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

*

సరిహద్దు దగ్గర శనివారపు జనం. వరస కదలదు, ఆమె కాళ్ళు ఒకచోట నిలవవు. సంచీ ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకుంటూ, థోబెకిలేతో ఏమనాలో పదిరకాలుగా అనుకుని చూసింది. అన్నీ అరుపులే.

కిటికీ దగ్గర అధికారి తలెత్తకుండా, "ఏం పని చేస్తారు?" అని అడిగాడు.

ఇరవయ్యేళ్ళుగా గబుక్కున చెప్పే మాట, ఈసారి వెతుక్కోవాల్సి వచ్చింది. "నర్సుని," అంది చివరికి. అతను ముద్ర గుద్దాడు.

ప్లమ్‌ట్రీలో వ్యాను ఎక్కి, ఎంతాబెని బోర్డు దగ్గర దిగి, ఎర్రమట్టి బాటన అరగంట నడిచింది. గని కార్మికుల రేకుల ఇళ్ళు, వాటి చివర నీలం రంగు వేసిన క్లినిక్. వరండాలో బల్లమీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. తనూ చివరన కూర్చుంది. పక్కన ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకున్న ఒకామె జరిగి చోటిచ్చింది.

"కొత్తగా వచ్చారా అక్కా ఈ గనికి?"

"చూడ్డానికి వచ్చాను."

"ఒంట్లో బాగోలేదా? భయపడకండి. సిస్టర్ నొమాలంగా ఉంది. చెయ్యి మెత్తన. నాకిద్దరు పిల్లల్నీ ఆవిడే తీసింది." ఆమె పిల్లాడి ముక్కు తుడిచి, గొంతు తగ్గించింది. "ఇదివరకైతే బాగా నవ్వించేది కూడా. సనెలిసివే కాన్పు తర్వాత నవ్వడం మానేసింది. పాపం, తన తప్పు కాదుగా. బండి రాకపోతే ఎవరేం చేస్తారు?"

తన పేరు ఇంకొకరి నోట, ఇంకొకరి గురించి వినడం నొమాలంగాకి ఎలా ఉందంటే, తన చీటీ పట్టుకుని ఇంకొకరు లోపలికెళ్ళి వైద్యం చేయించుకుంటున్నట్టుంది. ఆమె తలుపు వైపు చూసింది.

తలుపు తెరుచుకుంది. తెల్ల యూనిఫాం, నడుముకి బిగించిన బెల్టు, ఎడమవైపు పేరు బిళ్ళ. థోబెకిలే తర్వాతివాళ్ళని పిలవబోయి, బల్ల చివర అక్కని చూసింది.

ఒక్క క్షణం. అంతే. ఆ తర్వాత ఆమె మామూలుగానే అంది. "ఇంకా పదకొండు మంది ఉన్నారక్కా. అయ్యాక మాట్లాడుకుందాం."

నొమాలంగా లేచి లోపలికెళ్ళి తలుపు మూసింది. వచ్చేదారిలో అనుకున్న అరుపుల్లో ఒక్కటీ రాలేదు.

"ఆ బట్టలు విప్పు."

"వీళ్ళనెవరు చూస్తారు? శనివారం డాక్టరు రాడు."

"ఆ రిజిస్టరులో ఉన్నది ఎవరి పేరు?"

థోబెకిలే చెయ్యి పేరు బిళ్ళ మీదికి వెళ్ళింది.

"విప్పు," అంది నొమాలంగా మళ్ళీ.

పదకొండు మందినీ నొమాలంగానే చూసింది. థోబెకిలే యూనిఫాం విప్పి గౌను వేసుకుని వచ్చి, ఈమె మా అక్క, అవతలి దేశంలో పెద్దాసుపత్రి నర్సు అని వాళ్ళకి చెప్పి, ఒక మూల నిలబడి మందులు అందించింది. చివర ఒక ముసలమ్మ బీపీ చూపించుకుంటూ, నన్ను మా సిస్టరే చూడాలంది. నీ పేరేమిటని అడిగింది.

"నొమాలంగా," అంది ఈమె.

ముసలమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. "కాదులే తల్లీ. నొమాలంగా ఆ మూలనుంది."

*

క్లినిక్ వెనక ఒక్క గది. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకి అమ్మ ఫొటో. అమ్మ పోయి ఆరేళ్ళు. థోబెకిలే టీ పెట్టింది, రొట్టె కోసింది. అక్క తాగలేదు. గదిలో నాలుగడుగులు వేస్తే గోడ తగులుతుంది. ఆమె ఆ నాలుగడుగులే తిరుగుతోంది.

"కూర్చో అక్కా. నువ్వలా తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది."

"నాలుగేళ్ళు తిరగలేదా నీకు?"

థోబెకిలే తలొంచుకుని చెప్పడం మొదలుపెట్టింది. గనివాళ్ళకి నర్సు దొరకలేదట. ముందు సహాయకురాలిగా చేరిందట. నర్సింగు మూడేళ్ళూ చదివింది కదా, పని చేతికి వచ్చు. ఉన్న నర్సు ఒకరోజు చెప్పకుండా దక్షిణాఫ్రికా వెళ్ళిపోయింది. మర్నాడు కాన్పొకటి వచ్చింది, తను చేసింది. మేనేజరు, నీకు సర్టిఫికెట్టుంటే ఈ పని నీదే అన్నాడు. ఆ జనవరిలో అక్క ఫారం తన సంచీలోనే ఉంది.

"ఉంటే?"

"రెండు గళ్ళుంటాయి. విదేశంలో ఉన్నాను అని ఒకటి, దేశంలో పనిచేస్తున్నాను అని ఒకటి. రెండోదానికి టిక్కు పెట్టాను. సర్టిఫికెట్టు ఇచ్చేశారు. నీ డిప్లొమా అమ్మ పెట్టెలోనే ఉంది. అంతే. ఇంత సులువని నాకూ తెలీదు."

"సిగ్గులేదా నీకు?"

"ఉంది." థోబెకిలే తలెత్తింది. "నీకు?"

నొమాలంగా ఆగిపోయింది.

"ఖాళీ ఫారాలమీద సంతకాలు పెట్టి అయిదేసి ఒకేసారి పంపేదానివి. నువ్వు రాసుకో పాపా, నాకు తీరిక లేదు అని. ఏం రాశానో ఒక్కసారన్నా అడిగావా? నా ఆఖరి పరీక్ష ఏమైందని అడిగావా?"

"రాయకూడదని నేనన్నానా?"

"పరీక్ష సోమవారం. శుక్రవారం నువ్వు ఫోన్ చేశావు. కాన్పు కష్టమయ్యేలా ఉంది, వచ్చెయ్ అన్నావు. వచ్చాను. థాండో పుట్టింది మంగళవారం. రెండోసారి రాశాను, తప్పాను. మూడోసారికి అమ్మ మంచాన పడింది. నువ్వు రాలేకపోయావు, నీకు సెలవు లేదు."

ఆ మాటల్లో అబద్ధం లేదు. నొమాలంగాకి అవన్నీ విడివిడిగా తెలుసు. ఇలా ఒకదాని వెనక ఒకటి పేర్చి ఎవరూ చూపించలేదు, అంతే. ఆమె మంచం మీద కూర్చుంది. చల్లారిన టీ ఒక గుక్క తాగింది.

ఆ మెత్తదనం చూసి కాబోలు, థోబెకిలే దగ్గరగా జరిగింది. సోమవారం విచారణకి అక్కే వెళ్ళాలంది. ఎంతాబెనిలో తనే పనిచేస్తున్నానని ఒక్క రోజు చెప్పాలి, అంతే. మొహాలు ఒకేలా ఉంటాయి, పేరు నిజంగా అక్కదే. వాళ్ళడిగే ప్రశ్నలకి జవాబులు అక్కకి తనకంటే బాగా తెలుసు. ఫిర్యాదు కొట్టేస్తారు, పత్రం ఇచ్చేస్తారు, తను ఆ మర్నాడే ఈ ఉద్యోగం వదిలేస్తుంది.

"చేయాల్సినవన్నీ చేశానక్కా. నువ్వు నేర్పినట్టే చేశాను. కావాలంటే అడుగు."

నొమాలంగా అడిగింది. అడుగుతున్నకొద్దీ ఆమె గొంతు మారింది. అక్కగా కాదు, డ్యూటీ మారేటప్పుడు పక్క నర్సుని అడిగే గొంతు.

"ఎన్నో కాన్పు?"

"నాలుగోది. పిల్ల ఆరున్నరకి పుట్టింది. పొద్దున. బాగా ఏడ్చింది."

"మాయ?"

"పడింది. మొత్తం వచ్చింది, తిప్పి చూశాను."

"రక్తం ఎప్పుడు మొదలు?"

"ఆరూ నలభైకి. ఇంజెక్షను ఇచ్చాను. పొట్టమీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడేదాకా రుద్దాను. మూత్రం తీయించాను. రెండు చేతులకీ సెలైన్ పెట్టాను. గుడ్డలు తూచాను, ఊరికే చూసి అంచనా వేయలేదు. రెండో ఇంజెక్షను కూడా ఇచ్చాను."

నొమాలంగా తల ఊపింది. ఒక్కటి కూడా వదల్లేదు. తన వార్డులో చదువు పూర్తయిన పిల్లలు కూడా గుడ్డలు తూచడం మరిచిపోతారు.

"పెద్దాసుపత్రికి ఎప్పుడు ఫోన్ చేశావు?"

"బండి రావడానికి రెండు గంటలు పట్టింది. డీజిలు లేదన్నారు."

"నేనడిగింది బండి గురించి కాదు. ఫోన్ ఎప్పుడు చేశావు?"

బయట ఎవరో రేడియో పెట్టారు. థోబెకిలే కప్పులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి, మళ్ళీ తీసింది.

"ఏడూ ఇరవైకి."

"ఆరూ నలభైకి మొదలైతే ఏడూ ఇరవైకా?" నొమాలంగా లేచి నిలబడింది. "మొదటి ఇంజెక్షను ఇవ్వగానే ఒక చేత్తో ఫోన్ తీయాలి. మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. ఆ నలభై నిమిషాలూ ఏం చేశావు?"

"ఆపగలననుకున్నాను."

"అబద్ధం."

థోబెకిలే గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"అక్కడ కాన్పుల వార్డులో సిస్టర్ మడువు ఉంటుంది. నీ బ్యాచ్. ఫోన్ ఆవిడే ఎత్తుతుంది. ఎవరు మాట్లాడేదని అడిగితే నొమాలంగా అని చెప్పాలి. నీ గొంతు ఆవిడకి తెలుసు. అందుకని… ఆవిడ డ్యూటీ ఏడింటికి దిగుతుంది కదా, దిగాక చేద్దామని."

రేడియోలో పాట మారింది.

సనెలిసివే బతికింది. పిల్ల బతికింది. గర్భసంచి మాత్రం తీసేశారు. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. నడిచేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటుందట. ఆమె భర్తే ఫిర్యాదు పెట్టాడు. అతనికి నర్సు పేరు గొడవేమీ తెలియదు. ఎందుకు ఆలస్యమైందో చెప్పమంటున్నాడు, అంతే.

థోబెకిలే ఇవన్నీ చెప్పింది. నొమాలంగా వింది. ఇందాక మెత్తబడినదంతా ఆమెలో గట్టిపడిపోయింది. చెల్లెల్ని కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు.

"నీకేమైనా అయి ఉంటే క్షమించేదాన్ని," అంది. "నాకేమైనా అయినా క్షమించేదాన్నేమో. నష్టం జరిగింది మనకి కాదుగా."

*

ఆదివారం ఇద్దరూ మాట్లాడుకోలేదు. చిన్న గదిలో మాట్లాడుకోకుండా ఉండడానికి చాలా ఓపిక కావాలి. థోబెకిలే బట్టలుతికింది. నొమాలంగా వాటిని ఆరేసింది, ఆరకముందే తిరగేసింది, మళ్ళీ తిరగేసింది. మధ్యాహ్నం మొక్కజొన్న ముద్ద, ఎండబెట్టిన ఆకుకూర ఒకే పళ్ళెంలో పెట్టుకుని తిన్నారు. చేతులు పళ్ళెంలో కలిసినప్పుడల్లా ఒకరు ఆగారు.

గని క్లినిక్ మేనేజరుకి మాత్రం నొమాలంగా స్వయంగా వెళ్ళి చెప్పొచ్చింది. ఈరోజునుంచి తన చెల్లెలు ఎవరినీ చూడదనీ, వేరే నర్సు వచ్చేదాకా కాన్పులన్నీ ప్లమ్‌ట్రీకి పంపమనీ. అతను కారణం అడిగాడు. సోమవారం సాయంత్రానికి తెలుస్తుందంది.

మ్లుంగిసి రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి డ్యూటీ చార్టు నకలు తీయించానని చెప్పాడు. రెండోసారి, థాండో అడుగుతోంది అన్నాడు. ఏం నిర్ణయించావని అడగలేదు. అడగకపోయేసరికి ఆమెకే చెప్పాలనిపించింది. నలభై నిమిషాల సంగతి చెప్పింది.

"అయితే ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు అతను.

"ఏమీ లేదు. అయినా ఆలోచిస్తున్నాను."

నిర్ణయం అయితే అయింది. రేపు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాలి. చెల్లెలికి ఆ మాట చెప్పడానికి సాయంత్రమంతా చూసింది. థోబెకిలే యూనిఫాం ఇస్త్రీ చేస్తూ కూర్చుంది. ఎవరికోసమో అర్థం కాలేదు. అక్క తొడుక్కుని విచారణకి వెళ్తుందని ఇంకా ఆశపడుతోందేమో అనిపించి, నొమాలంగాకి నోరు పెగల్లేదు.

తెల్లారి లేచేసరికి మంచంలో పక్క ఖాళీగా ఉంది. యూనిఫాం మడత విప్పకుండా కుర్చీమీదే ఉంది. చెప్పులు లేవు. ఫోన్ చేస్తే మోగలేదు.

పారిపోయిందనుకుంది. ఇక్కడినుంచి సరిహద్దు ఎంతసేపు? దక్షిణాన నది దాటి దక్షిణాఫ్రికాలో పడితే ఇంకెవరికి దొరుకుతుంది? కోపం కంటే ముందు, తిండి ఏమైనా పట్టుకెళ్ళిందా అని ఆమె గిన్నెల వైపు చూసింది. చూసినందుకు తన మీద తనకే చిరాకేసింది.

బులవాయో వ్యానులో డ్రైవరు ప్రతి మలుపులోనూ ఆపి మనుషుల్ని ఎక్కించుకున్నాడు. ఆమె గడియారం చూసుకుంది, పాస్‌పోర్టు తీసి ముద్రలు చూసుకుంది, మళ్ళీ పెట్టింది. పక్కనున్న ఆయన, ఎక్కడికమ్మా అంత కంగారు అన్నాడు. ఆమె కిటికీవైపు తిరిగింది.

కౌన్సిల్ ఆఫీసు రెండో అంతస్తులో. మెట్లెక్కేసరికి పదికి పావు తక్కువ. కౌంటరు వెనక తెల్లజుట్టు గుమాస్తా కళ్ళజోడు పైకి తోసి ఆమె చేతిలో ఉత్తరం చూశాడు.

"ఎంతాబెని కేసా? నొమాలంగా ఖాబోవా మీరు?"

"అవును. ఒక విషయం ముందే చెప్పాలి. ఆ క్లినిక్‌లో పనిచేసింది నేను కాదు."

ఆయన ఆశ్చర్యపోలేదు. వచ్చినవాళ్ళు సంతకం చేసే పుస్తకం ఆమెవైపు తిప్పాడు. ఆరోజు మొదటి వరస. ఎనిమిది గంటలు. థోబెకిలే ఖాబో. అక్షరాలు ఒత్తి, విడివిడిగా, బళ్ళో పిల్ల రాసినట్టున్నాయి.

"తలుపు తీసేసరికి మెట్లమీద కూర్చునుంది," అన్నాడు గుమాస్తా. "లోపలుంది. రెండు గంటలుగా చెబుతోంది. ఆ ఆలస్యం సంగతి కూడా తనే చెప్పింది, ఎవరూ అడక్కుండానే. మీరు కూర్చోండమ్మా. మీ మొహం బాగోలేదు."

ఆమె కూర్చోలేదు. గోడ పట్టుకుంది. పారిపోయిందనుకున్నందుకు గుండె ఒకవైపు లాగింది. ఇంక తను చెప్పేదేమీ లేదని ఇంకోవైపు తేలికపడింది. తన పేరు మీద మచ్చ పోతుంది. పత్రం వస్తుంది. సాయంత్రానికి ఇంటికి వెళ్ళొచ్చు.

లోపలి తలుపు తెరుచుకుంది. గోధుమరంగు కోటు వేసుకున్న ఒకావిడ ఫైలుతో బయటికొచ్చింది. విచారణ అధికారిణి, మిసెస్ గుంబో. నొమాలంగాని తేరిపార చూసి, మెల్లిగానే మాట్లాడింది.

"మీ చెల్లెలు అంతా ఒప్పుకుంది సిస్టర్. మీకు ఈ సంగతేమీ తెలియదంది. మీ పాస్‌పోర్టూ, డ్యూటీ చార్టూ చూస్తే మాకూ అలాగే తేలుతుందనుకుంటాను. ఒక్కటి మిగిలింది." ఫైలులోంచి నాలుగు ఫారాలు తీసి కౌంటరు మీద వరసగా పరిచింది. నాలుగేళ్ళవి. అడుగున నాలుగు సంతకాలు. "వీటిమీద మీ సంతకం కూడా తనే దొంగతనంగా పెట్టానంటోంది. నాలుగూనట. అవునా?"

నొమాలంగా వంగి చూసింది. నీలం సిరా. ఖాబోలో చివరి అక్షరానికి తను మాత్రమే వేసే ఆ పొడుగు తోక. ఫ్రాన్సిస్‌టౌన్ వంటింటి బల్ల దగ్గర నిలబడి, ఒక చేత్తో థాండోకి అన్నం పెడుతూ, ఇంకో చేత్తో గీసిన సంతకాలు. ఖాళీ కాగితాల మీద.

అవునంటే చాలు. తల ఊపినా చాలు. నర్సు ఖాళీ ఫారం మీద సంతకం చేసి ఇంకొకరి చేతికిస్తే కౌన్సిల్ ఆ పేరు రిజిస్టరులోంచి తీసేయొచ్చని నొమాలంగాకి తెలుసు. వార్డులో కొత్తవాళ్ళకి ఆ నియమం చదివి వినిపించేది ఆమే.

మిసెస్ గుంబో వెనక తలుపు కొద్దిగా తెరిచే ఉంది. సందులోంచి థోబెకిలే కనిపిస్తోంది. ఆదివారం గౌను, ఒళ్ళో చేతులు. అక్కవైపే చూస్తోంది. అధికారిణికి కనపడకుండా, మెల్లిగా, కిందికీ పైకీ తల ఊపింది. అవునని చెప్పు అన్నట్టు.

నొమాలంగా ఫోను సంచీలో మోగింది. మ్లుంగిసి అయి ఉంటాడు. ఆమె తీయలేదు. అది మోగి మోగి ఆగింది.

"సంతకాలు నావే," అంది.

గుమాస్తా చేతిలో పని ఆపాడు. తలుపు సందులో థోబెకిలే లేచి నిలబడింది.

మిసెస్ గుంబో ఫారాలు ఒకదానిమీద ఒకటి సర్దింది. "సిస్టర్, మీరు అలిసిపోయి ఉన్నారు. ఇప్పుడన్న మాట నేను విన్లేదనుకోండి," అంది. "లోపలికి రండి. కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పండి. ఈసారి నేను రాసుకోవాల్సి వస్తుంది."

ఆవిడ తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది.